వాన వెలిసిన తర్వాతి మబ్బు

మే 2, 2011
ఒకటే ఉక్క. రామగిరి గుట్ట మీద తెల్లమబ్బు, గోబీపువ్వులా పైపైకి... చూడొద్దనుకుంటూనే చూస్తాను. పోయిన వేసవిలో మా ఆయన చనిపోయిన రోజూ ఇలాగే లేచింది.

మే 3
గాలి మాత్రమే. వాన లేదు.

మే 6
యాకూబ్ వచ్చాడు. ఆ రోజు ఓపెన్‌కాస్టు గనిలో ఆయన బండి వెనకే బొగ్గు మోసే ఇంకో డంపరు నడిపింది ఇతనే. అత్త మళ్లీ అదే అడిగింది. "వాన ఎలిసినంకనే నా కొడుకు డంపరు దిగిండంటివి గద బిడ్డా. మరి పిడుగెక్కడిది?"
"సన్నగ తుంపర పడుతుండె అవ్వా. అయిపోయిందనుకున్నం."
చాయ్ తాగకుండానే లేచాడు.
ఎవరో చేతబడి చేశారని అత్త నమ్మకం. ఎండ ఉన్నంతసేపు నేను కొట్టిపారేస్తాను. మబ్బు పట్టిందంటే నాకూ అనుమానమే...

మే 9
పక్క క్వార్టర్ సునీత టీచర్‌ను అడిగాను. బడిలో భూగోళం చెబుతుంది. చపాతీ పిండి పిసుకుతూ చెప్పింది — వేడిగాలి పైకి లేచి మబ్బవుతుంది. వానతో పాటు అందులోంచి చల్లగాలి కిందికి దూకి, నేల మీద పరుచుకుంటూ ముందుకు పోతుంది. ఎదురుగా ఉన్న ఉక్కగాలి కిందికి దూరి దాన్ని పైకి నెడుతుంది. ఇంకో మబ్బు. దాని పక్కన ఇంకోటి... అన్నీ కలిసి వరుస కట్టి, ఊళ్లకు ఊళ్లు దాటుకుంటూ నడుస్తాయి.
"జోరువాన ఆ ముందు వరుసది అక్కా. అది పోయినంక ఎనక పెద్ద మబ్బు పరుసుకోని ఉంటది. తుంపరే పడతది. కని పిడుగు అండ్లకెల్లి గూడ పడతది."
"ఎంతసేపు?"
"గంట గూడ ఉండొచ్చు."
ఆ గంట ఆయన క్యాబిన్‌లోనే కూర్చుని ఉంటే... టీచర్ పిండి చేత్తోనే నా భుజం పట్టుకుంది.

మే 10
అత్తకు చెప్పాను. చివరిదాకా విన్నది.
"అంటే ఎవలు చెయ్యలేదా?"
"ఎవలు చెయ్యలే అత్తా."
"ఎవలన్న చేసిందే అయితె, వాళ్లను తిట్టుకుంటనన్న బతుకుదును."

మే 11
అత్త అన్నం ముట్టలేదు.

మే 14
గోదావరి అవతల గోడలా నల్లటి మబ్బు. ముందు చల్లగాలి, బొగ్గు దుమ్ము. తర్వాత జోరువాన. యాకూబ్ డ్యూటీలో ఉన్నాడు. వాన తగ్గగానే ఫోన్ చేశాను.
"దిగకు తమ్మీ. తుంపర గూడ ఆగాలె."
"దిగలే వదినె. లోపల్నే ఉన్న."
ఫోన్ పెట్టి చూస్తే ఇంట్లో అత్త లేదు. వాకిట్లో తుంపరలో నిలబడి ఉంది, ముఖం పైకెత్తి. ఎక్కడో ఉరుము.
"ఇంకెంతసేపుంటది ఈ ఎనక మబ్బు?" అంది, నా వైపు తిరగకుండానే.
చెయ్యి పట్టి లాగాను. రాలేదు. వదల్లేక నేనూ పక్కనే నిలబడ్డాను. ఇద్దరం తడిశాం. చివరికి ఆమే నన్ను లోపలికి తోసింది.

మే 15
మళ్లీ ఉక్క. అత్త మళ్లీ వానలోకి పోకుండా తలుపుకు లోపలి నుంచి గొళ్లెం పెట్టాను. అత్త చూసింది.