ముద్ర పగలగొట్టింది నేనే, నా భర్త కాదు

జిల్లా మద్య తనిఖీ అధికారి గారి సముఖమునకు,
శాన్ మెల్చోర్ యాగెలా గ్రామ నివాసి, మెస్కల్ కాచు వృత్తిదారు దోమితిలా అరెయానెస్ సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: బట్టీ ముద్ర పగలగొట్టిన నేరమును నా భర్త పేరు నుండి తొలగించి, నా పేరున నమోదు చేయుట గురించి.

ఇది క్షమాపణ కోరుటకు రాసినది కాదని ముందుగానే మనవి.

1. సదరు బట్టీ మా అమ్మది. అందులో రెండు మట్టి కుండలు, పొయ్యి, పులియబెట్టే చెక్క తొట్లు తప్ప మరేమీ లేవు. మా మెట్ట మీది కిత్తలి మొక్కలు కూడా ఆమె నాటినవే. అవి ముదిరేలోగా ఆమె పోయింది. ఆమె సంవత్సరీకానికి వచ్చేవారికి ఆ మొక్కల గడ్డల నుండి కాచిన సారా, మెస్కలే పోయాలని నిశ్చయించుకొని, గడ్డలు నరికి, రాళ్ళ గుంతలో కాల్చి, దంచి తొట్లకు ఎత్తితిని. అది పొంగు మీద ఉండగా తమ ఇన్‌స్పెక్టరు గారు జీపు దిగినారు.

2. వారికి, నాకు జరిగిన సంభాషణ ఉన్నది ఉన్నట్లు రాయుచున్నాను.

"బట్టీ ఎవరిది?"

"నాది."

"అది కాదమ్మా, కాచేదెవరు?"

"నేనే."

"ఇంట్లో మగవాళ్ళు లేరా?"

"ఉన్నాడు. పక్కూరి పెళ్ళిలో బాకా ఊదుతున్నాడు. పిలిపించమంటే పిలిపిస్తాను గానీ, ఆయనకి పొయ్యి అంటించడం కూడా రాదు."

వారు నవ్వి, నా భర్త క్రిసోఫొరో పేరు అడిగి రాసుకున్నారు. నా పేరు అడగలేదు.

3. ధ్రువపత్రం లేదు గనుక మేము కాచేది మెస్కల్ కాదట. సీసా మీద 'కిత్తలి స్వేదన ద్రవము' అని రాయాలట. మట్టి కుండలు తీసేసి స్టీలువి పెట్టాలట. అయ్యా, "ఇంకాస్త స్వేదన ద్రవం పొయ్యి వదినా" అని అడిగినవాణ్ణి మా ఊరి పెళ్ళిళ్ళలో నేనింతవరకు చూడలేదు. మా అమ్మ దాన్ని మెస్కల్ అన్నది. వాళ్ళమ్మా అదే అన్నది. తమ కార్యాలయం కట్టకముందు నుంచీ దాని పేరు అదే.

వారు కుండలకు ముద్ర వేసినారు. "తొట్లలో ఉన్నది ఆగదు సార్, పుల్లబడి పాడైపోతుంది" అని మొరపెట్టుకొంటిని. "అర్జీ పెట్టుకో, విచారణ జరుగుతుంది" అని జీపెక్కినారు.

4. తొట్లలోని పిప్పికి విచారణ అంటే ఏమి తెలుస్తుంది? మర్నాడు పొద్దున్నే మూత తీస్తే పొంగు తగ్గింది, వాసన మారుతోంది. మా అమ్మ చేతి చివరి పంట అది. గడ్డలు దంచే కర్ర సుత్తి తీసుకుని ముద్ర పగలగొట్టాను. మా అన్న భార్య సెనాయిదా గుమ్మంలో నిలబడి చూసింది.

"భయం లేదూ నీకు?"

"ఉంది. ఆ కుండ పట్టుకో."

పట్టుకుంది. కాచాము. సంవత్సరీకం నాడు ఆనవాయితీగా మొదటి ధార మట్టికి వదిలి, ఊరందరికీ పోశాము. సెనాయిదా ఒక గుక్క తాగి, "అత్త వచ్చి కాచినట్టుందే" అని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

5. ముద్ర పగిలిన సంగతి తమ వారికి తెలిసి, ఇప్పుడు నా భర్త పేరున నోటీసు వచ్చినది. అది చూసి ఆయన నాతో అన్న మాట ఇది: "నా పేరే ఉండనీవే. నేను జైలుకెళ్తే ఊరికి పోయేదేముంది? బాకా ఊదడానికి మా తమ్ముడున్నాడు. నువ్వెళ్తే బట్టీ ఎవరు కాస్తారు?"

ఆయన మంచివాడు. కానీ నేను ఒప్పుకోలేదు. "నా నేరం నీ పేరున రాస్తే, నా పనీ నీ పేరునే రాస్తారు. మా అమ్మనీ ఇలాగే చేశారు. బతికినన్నాళ్ళూ కాచింది ఆవిడ, పేరు మా నాన్నది" అన్నాను.

కావున తాము దయతో నేరము నా పేరున, వృత్తి 'మెస్కల్ కాచునది' అని స్పష్టముగా రాయించవలెను. 'స్వేదన ద్రవము' అని రాసినచో సంతకం చేయను. శిక్ష ఏదైనా అనుభవింతును. తిరిగి వచ్చిన మర్నాడే ఆ మట్టి కుండల కిందనే పొయ్యి రాజేస్తాను.

ఇది తాము చిత్తగించిననూ, చిత్తగించకపోయిననూ జరుగును.

ఇక్కడ 'తమ విధేయురాలు' అని రాయాలట. విధేయురాలినే అయితే ఈ అర్జీ అవసరం ఉండేది కాదు. అందుచేత,

ఇట్లు,
దోమితిలా అరెయానెస్

తా.క.: ఈ కాగితం మడతపెడుతుండగా సెనాయిదా పరుగెత్తుకొచ్చింది. మా ఆయన నాకు చెప్పకుండా ఉతికిన చొక్కా వేసుకుని, పొద్దుటి బస్సెక్కి మీ దగ్గరికే బయల్దేరాడట. నేరం తనదేనంటాడు, నమ్మకండి. కుండ ఎలా అమర్చాలో అడగండి, దొరికిపోతాడు. పాపం, ఏమీ తినకుండా వెళ్ళాడు. తర్వాతి బస్సులో ఈ అర్జీ, ఆయనకి నాలుగు రొట్టెలు పట్టుకుని నేనే వస్తున్నాను. నేనొచ్చేదాకా ఆయన చేత ఎక్కడా సంతకం పెట్టించకండి.