పొడపత్రి నమిలిన నోరు

జులై 3
నంద్యాల నుంచి ఇప్పుడే వచ్చాం. మా ఆయన పడుకున్నారు. అక్కడ డాక్టరు నన్నొక్కదాన్నే లోపలికి పిలిచాడు. కిడ్నీలు రెండూ పోయాయట... డయాలసిస్‌కు ఒళ్లు తట్టుకోదట, ఇక చేసేదేమీ లేదట. "పత్యాలు మానేయండమ్మా, ఏదడిగితే అది పెట్టండి."
బస్సులో ఆయన అడిగారు, "ఏమంటాడు డాక్టరు?" అని. తగ్గిపోతుందన్నాడని చెప్పాను.

జులై 4
లేవగానే ఆకు అడిగారు. పెరటి కంచె మీది పొడపత్రి తీగ. ఆయనకు షుగర్ వచ్చిన కొత్తలో మహానంది నుంచి నేనే తెచ్చి నాటాను. రోజూ పరగడుపున రెండాకులు. నమిలాక కాసేపు నాలుకకు తీపి తెలియదు, చక్కెర కూడా ఇసుకే. ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర టీ కొట్టు నడిపినన్నాళ్లూ చక్కెర చాలిందో లేదో తెలియక పొద్దుటి టీని పానకం చేసేవారు. "అన్నా, ఇది టీనా, పెండ్లి పాయసమా?" అని నవ్వేవాళ్లు.

జులై 5
పక్కింటి మస్తాన్‌బీ ఆకు కోసుకోవడానికి వచ్చింది. తనూ షుగర్ మనిషే. నీడన ఆరబెట్టి, పొడి చేసి, మజ్జిగలో తాగుతుంది. "ఏందీ, మొగం అట్లుండాది?" అంది. చెప్పలేదు. చెబితే ఏడుస్తాను, ఆయనకు వినబడుతుంది.

జులై 7
బెల్లం పాయసం చేశాను. ఆయనకు ప్రాణం. ఇన్నేళ్లూ ఒక్క చెంచా పెట్టలేదు, రాక్షసిని.
"షుగరోనికి ఇది పెడతాండావేందే?"
కొంచెం తినొచ్చని డాక్టరన్నాడని బొంకాను.
"ఉండుండు, ఆకు నమిలి తింటా. అప్పుడు షుగరెక్కదు."
నమిలారు. తర్వాత గిన్నెడు పాయసం మందులా మింగారు. "బాగుండాదే" అన్నారు. ఏం బాగు... మట్టి తిన్నట్టు ఉండి ఉంటుంది.

జులై 8
ఏ పూట తీపి పెట్టినా ముందు ఆకు నములుతారు. ఆకు మాన్పిస్తే తీపి తెలుస్తుంది. మాన్పిస్తే ఎందుకని అడుగుతారు. ఆ ఆకు నములుతున్నంత కాలం బతుకుతాననే ఆయన ధైర్యం. పోయేవాడికి కాస్త తీపి తినిపించాలంటే, పోతున్నావని చెప్పాలా?

జులై 10
తీగకు పురుగు పట్టిందని చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. కోసి ఇచ్చాను.

జులై 13
అన్నం సయించడం లేదు. కాళ్లు ఉబ్బాయి.

జులై 14
పొద్దున ఆకులు కడిగి తెచ్చాను. చెయ్యి చాపలేదు. నా వైపు చూడకుండా, "ఈ పొద్దు ఆకొద్దులే. పాయసం చెయ్యి" అన్నారు.
"షుగరూ..." అన్నాను.
"చెయ్యే. తీపి చూసి శానా ఏండ్లాయె."
ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. ఎప్పటి నుంచి తెలుసు? ఇన్నాళ్లూ నా కోసమే నమిలారా...
పొయ్యి మీద పాయసం ఉడికిపోయింది. దించాలి. లోపల నుంచి పిలుస్తున్నారు. ఏ మొహం పెట్టుకుని పోను?