సారు గొంతు

మంగళవారం, ఆదోని

పోయిన వారం కొత్త నంబరు నుంచి గొంతు మార్చి, "మేడమ్, మీకు ఫెలోషిప్ వచ్చింది" అని మేనకోడలు సుజాతను ఏడిపించాను. పత్తి పురుగు మీద డాక్టరేట్ చేసి, పై పరిశోధన కోసం ఏడాదిగా దరఖాస్తులు పెడుతున్న పిల్ల.

ఈ సాయంత్రం దానికి మళ్లీ కొత్త నంబరు నుంచి ఫోను మోగింది. "సాల్లే మామా నీ యేసాలు! మార్కెట్టుకు పోయి పత్తి మూటలు మోసుకోపో!" అని పెట్టేసింది. సరిగ్గా అప్పుడే బజ్జీల పొట్లంతో నేను గడపలో అడుగు పెట్టాను. ఫోను చేసింది నేను కాదని తెలిసి దాని ముఖం పాలిపోయింది. ఆ నంబరు వెతికి చూస్తే అది ఫెలోషిప్ ఇంటర్వ్యూ చేసే బెంగళూరు సారుది. తిరిగి చేస్తే ఎత్తలేదు.

"తప్పు నీదని రేపు సారుకు నువ్వే సెప్పు మామా."

ఎన్ని గొంతులు మార్చానో. సొంత గొంతుతో ఆ ఒక్క మాట చెప్పడానికి ఇప్పటి నుంచే సాధన చేస్తున్నాను. ఆయన నమ్మకపోతే...