కూడలి తెర మీద మీ మొహం

కుడుములు ఆవిరి బుట్టలో ఉన్నాయి, తిని వెంటనే ట్రాఫిక్ పోలీసుల దగ్గరికి వెళ్ళండి. మీరు ఎర్ర లైటు ఉండగా రోడ్డు దాటారని కెమెరా పట్టేసింది. పొద్దుటినుంచీ బజారు కూడలిలో పెద్ద తెర మీద మీ మొహం చూపిస్తున్నారు. పేరులో ఒక అక్షరం మాత్రం దాచారు. మొహం అంత పెద్దది పెట్టాక అక్షరం దాచి ఎవరి కళ్ళు కప్పాలని?

జెండా పట్టుకుని గంటసేపు అక్కడే జనాన్ని రోడ్డు దాటిస్తే తెర మీంచి మీ మొహం తీసేస్తారట. నామోషీ అని మొండికేయకండి. మన యింగ్‌జీని బళ్ళో పిల్లలు "మీ నాన్న సినిమా ఎన్నాళ్ళు ఆడుతుందే?" అని ఏడిపించారు. రేపటినుంచి బడికి పోనంటోంది. ఆ కాస్తసేపు ఆగలేకపోయారా? కెమెరాలున్నాయని ఎన్నిసార్లు మొత్తుకున్నాను?

నేను డ్యూటీకి పోతున్నాను.

సూచిన్

ఇంకో మాట. తెర దగ్గర ఎదురింటి చియావ్ అవ్వ కనబడి, "మీ ఆయన ఇంత చిక్కిపోయాడేమే?" అంది. తలెత్తి చూస్తే నిజమే. రోజూ మీ ఎదురుగా కూర్చుని తింటున్నా నాకు కనబడలేదు. రేపు సెలవు పెడతాను, ఇద్దరం డాక్టరు దగ్గరికి వెళ్దాం. వద్దనకండి.