ముందు సస్పెన్షన్, ఆ తర్వాతే చక్రాలు

చిన్నోడా, కూర స్టవ్ మీద ఉంది, వేడి చేసుకుని తిను. నాలుగింటికి మెకానిక్ వచ్చి కారు తీసుకెళ్తాడు. నేనే రమ్మన్నాను. అతనితో వాదన పెట్టుకోకు, తాళం ఇచ్చెయ్యి.

నువ్వు వేయిస్తానంటున్న పెద్ద చక్రాల సంగతీ అడిగాను. "వాటికి టైరు పలచగా ఉంటుందమ్మా, గుంతలో పడితే దెబ్బంతా లోపలికే. మలుపులో బండి ఊగేది సస్పెన్షన్‌లో షాక్ అబ్జార్బర్లు పోయి" అన్నాడు. నమ్మకపోతే బానెట్ మూల మీద గట్టిగా నొక్కి వదులు. ఒక్కసారి లేచి ఆగాలట. పొద్దున నేను నొక్కితే నాలుగుసార్లు ఊగింది. పక్కింటావిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది, చూడనీ. నెల రోజులుగా ఫోన్లో ఆ చక్రాల బొమ్మలే చూస్తున్నావు. చక్రం పెద్దదైతే రోడ్డు మీద గుంత చిన్నదవుతుందా? నేను ఏమన్నా "నీకన్నీ భయాలే" అంటావు.

వెనక సీట్లో కూర్చునేదాన్ని, నాకు కనిపిస్తుంది. ప్రతి మలుపులోనూ కోడలు ఒక చేత్తో తలుపు మీది పిడి పట్టుకుని, రెండో చెయ్యి కడుపు మీద పెట్టుకుంటుంది. ఏడో నెల నడుస్తోంది. నువ్వు రోడ్డు చూస్తుంటావు కాబట్టి నీకు తెలీదు. బాగు చేసి ఇచ్చేదాకా తనని ఆ బండి ఎక్కించకు. రేపు డాక్టరు దగ్గరికి అద్దె కారులో వెళ్దాం.

కుట్టు దుకాణానికి ఆలస్యమైపోయింది, వెళ్తున్నాను.

ఇంకోటి. మలుపుల్లో తనకి భయమేస్తోందని నీతో చెప్పొద్దని కోడలు నా దగ్గర మాట తీసుకుంది. చదివాక చింపెయ్యి. నువ్వే కనిపెట్టినట్టు తనతో మాట్లాడు.