లేవని సూది

బుధవారం

పొద్దున కారు కింద గులాబీ రంగు నీటి మరక కనిపించింది. ఇంజన్ వేడి చూపే సూది ఎప్పటిలా అడుగునే ఉంది కదా అని ఆఫీసుకి బయలుదేరాను. సాతంరాయి దాటగానే బానెట్‌లోంచి ఆవిరి లేచింది. అప్పటికీ సూది కదల్లేదు.

మెకానిక్ చూసి, "ఎట్ల లేస్తది అక్కా? రేడియేటర్ పాత లీకు. అది కనబడకుండ సూది వైరు పీకి టేపు సుట్టిండ్రు," అన్నాడు.

నెల క్రితం ఈ కారు నాకిచ్చిన అన్నకే ఫోన్ చేశాను.

"నేనే పీకిన. సూది లేస్తే నువ్వు పరేషాన్ అయితవని," అని నవ్వాడు. "గింతదానికే ఏడుస్తవా ఏంది?"

ఫోన్ పెట్టేశాను. రోజూ ఆ సూదిని నమ్మే వెళ్లాను. ఇంకేం దాచాడో...

నాకు డ్రైవింగ్ నేర్పింది అన్నే. మొదటి రోజు, స్టీరింగ్ పట్టుకోనివ్వకముందే, ఆ సూదిని చూపించాడు.