పిన్నికి తెలుసు

ఇంటి నుంచి,
ఆదివారం మధ్యాహ్నం.

మా పిచ్చుకకు,

పిన్ని మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ మీ నాన్నా నేనూ కులాసా. అక్కడ నువ్వూ, నీ శిక్షణా, నీ హాస్టల్ మంచమూ కులాసా అని తలుస్తాను. నీ గదిలో అమ్మాయి గురక పెడుతుందన్నావు, ఇంకా అలాగే ఉందా? చెవుల్లో దూది పెట్టుకో. ఆ పిల్లను మాత్రం ఏమీ అనకు. నువ్వు నిద్రలో మాట్లాడతావన్న సంగతి పాపం తనింకా నీకు చెప్పినట్టు లేదు.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వుకుంటున్నావు కదూ. ఫోన్‌లో నేను కోప్పడలేను. నీ గొంతు వినగానే తిన్నావా అని అడుగుతాను, అక్కడితో నా కోపం కాస్తా చల్లారిపోతుంది. అందుకే ఈ కాగితం.

నేను బట్టలు కుట్టే దుకాణం వాళ్ళు ఇప్పుడు డిజైన్లన్నీ కంప్యూటర్‌కే పంపుతున్నారు. కొలతలు కూడా అందులోనే రాసి పంపమంటున్నారు. మన కంప్యూటర్ తెరవగానే మూడు బొమ్మలు వస్తాయి కదా, కళ్ళజోడు మీ నాన్నది, పిల్లి నీది, పసుపు పువ్వు మీ అమ్మది. వాటి కింద బొమ్మ లేకుండా గెస్ట్ అని ఒకటి. ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ నేను అందులోనే పని చేసుకుంటున్నాను. అందులో ఏం దాచుకున్నా, బయటికి రాగానే తుడిచిపెట్టుకుపోతుంది. అందుకే పని పూర్తయ్యేదాకా నేను బయటికి రాను. కంప్యూటర్‌ను కునుకు కూడా తీయనివ్వనని మీ నాన్న నన్ను ఆటపట్టించేది అందుకే. మొన్న ఉన్నట్టుండి కరెంటు పోయింది, దాంతో కొలతలన్నీ పోయాయి. టేపు మెడలో వేసుకుని మళ్ళీ అందరి ఇళ్ళకూ బయల్దేరాను. మందుల షాపాయన, మళ్ళీ కొలుస్తున్నారేమిటి, నేను అంత లావయ్యానా అని బెంగపెట్టుకున్నాడు.

నా తిప్పలు చూడలేక మీ నాన్న, నాకూ ఒక అకౌంట్ పెట్టిస్తానన్నారు. కంప్యూటర్ రిపేరు అతను వచ్చి చూసి, కొత్తది తెరవాలంటే మీ అమ్మాయి అకౌంట్‌లోంచే తెరవాలి, పెత్తనమంతా తనదే అన్నాడు. ఇంటికి పెద్ద దిక్కువి నువ్వేనని మాకు అప్పుడు తెలిసింది. మీ నాన్న ఫోన్ చేసి పాస్‌వర్డ్ అడిగితే నువ్వేమన్నావు? "పిన్నికి తెలుసు నాన్నా" అన్నావు. నవ్వి ఫోన్ పెట్టేశావు.

నాకెలా తెలుస్తుందే?

మీ నాన్న నా వైపు చూశారు. అప్పటి నుంచి నాకు తిండి సయించడం లేదు.

నేను వచ్చిన కొత్తలో నువ్వు ఆ పిల్లి బొమ్మకు తాళం పెట్టుకోవడం నాకు గుర్తుంది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాను. నన్ను చూసి కీబోర్డుకు చెయ్యి అడ్డం పెట్టుకున్నావు. "నాది ముట్టుకోకు, అమ్మది అసలు ముట్టుకోకు" అన్నావు. సరే అన్నాను, ఆ మాట మీదే నిలబడ్డాను. ఒక్కసారైనా ఏదో ఒకటి కొట్టి చూద్దామనిపించలేదా అంటే, అనిపించింది. నువ్వు పరీక్ష తప్పి, గది తలుపులు వేసుకుని, ఆ కంప్యూటర్‌తో తప్ప ఎవరితోనూ మాట్లాడని రోజుల్లో అనిపించింది. అందులో ఏం రాసుకుంటున్నావో, దేనికి కుమిలిపోతున్నావో తెలిస్తే బాగుండుననిపించింది. అయినా వేలు పెట్టలేదు. పాలు కాచి గుమ్మం దగ్గర పెట్టి వచ్చాను.

అలాంటి నేను దొంగచాటుగా నీది తెరిచి చూశాననుకుంటున్నావా? అనుకుని కూడా పోనీలే అని ఊరుకున్నావా? నువ్వు నన్ను పిన్ని అని పిలిచినందుకు నేను ఏనాడూ బాధపడలేదు. నాకంటూ ఒక బొమ్మ లేనందుకూ పడలేదు, ఎప్పటికైనా నువ్వే పెడతావులే అనుకున్నాను. కానీ నీకు నా మీద నమ్మకం లేదంటే మాత్రం తట్టుకోలేను పిచ్చుకా.

ఈ పేరు నీకు గిట్టదని తెలుసు. మొదటి రోజు నీ రేగిన జుట్టు చూసి నోరు జారి అన్నాను, అలా పిలవకు అని మూతి ముడిచావు. ఇంట్లో ఇంకెవరూ అలా పిలవరు. నాకే అలవాటు పోలేదు.

రేపు రిపేరు అతను మళ్ళీ వస్తాడు. పాస్‌వర్డ్ దొరక్కపోతే అంతా చెరిపి మొదటి నుంచి మొదలుపెడదామంటున్నాడు. అలా చేస్తే మీ అమ్మ పసుపు పువ్వు కూడా పోతుందట. నేను ఒప్పుకోను. గెస్ట్‌లోనే ఉంటాను, నాకేం కొత్తా.

వేళకు తిను. తల తడిగా ఉండగా పడుకోకు.

కోపంగా ఉన్నా నీదే అయిన
పిన్ని.

తా.క. సోమవారం. ఉత్తరం కవరులో పెట్టాను కానీ అంటించలేదు. రిపేరు అతను వచ్చి, ముందు నీ పుట్టినరోజు కొట్టి చూశాడు. అది తప్పని చెప్పి, కింద చిన్న అక్షరాలతో ఒక వాక్యం వచ్చింది. పాస్‌వర్డ్ మరిచిపోతే గుర్తు రావడానికి ఎవరికి వారు రాసిపెట్టుకునే ఆనవాలట అది. తప్పు కొట్టినవాళ్ళకే కనిపిస్తుందట. నేను ఎన్నడూ ముట్టుకోలేదు కాబట్టి నాకెప్పుడూ కనిపించలేదు. "పిన్ని నన్ను పిలిచే పేరు" అని ఉంది.

అతన్ని లేవమని నేను కూర్చున్నాను. ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టాను. తెరుచుకుంది. లోపల ఏదీ చూడలేదు, నాకు కళ్ళు సరిగా కనిపిస్తేగా. మీ అమ్మ పువ్వు చెక్కుచెదరలేదు, దాని పక్కనే నాది వచ్చింది. పేరేం పెట్టమంటారని అడిగితే పిన్ని అని పెట్టమన్నాను.

నీ పాస్‌వర్డ్ పెట్టిన రోజు నుంచీ ఒక్కసారి కూడా మార్చలేదని అతను చూసి చెప్పాడు. అంటే ఆ రోజు కీబోర్డుకు చెయ్యి అడ్డం పెట్టుకుని నువ్వు కొట్టింది అదేనా పిచ్చుకా?

నా దానికి తాళం వద్దన్నాను. నువ్వు వచ్చినప్పుడు ఊరికే తోసుకుని లోపలికి వచ్చెయ్.